డౌలాలకి డబ్బిద్దామంటే మా అసోసియేషన్‌లో గొడవ. మీరేమంటారు?

ఎడిసన్_పద్మ
మా తెలుగు అసోసియేషన్ మహిళా విభాగం తరఫున దీపావళికి ఫుడ్ స్టాల్ పెట్టి 6,400 డాలర్లు పోగు చేశాం. ఏటా ఆ డబ్బుతో ఇండియాలో ఏదో ఒక బడికి బెంచీలో, ఫ్యాన్లో కొనిచ్చేవాళ్ళం. ఈసారి ఇక్కడే ఖర్చు పెడదామని నేను ప్రతిపాదించాను. న్యూజెర్సీ నెవార్క్‌లో నల్లజాతి గర్భిణుల దగ్గరికి డౌలాలను పంపే చిన్న బృందం ఒకటుంది, వాళ్ళకిద్దామని. తెలియనివాళ్ళ కోసం: డౌలా అంటే కడుపుతో ఉన్నప్పటి నుంచి బాలింత రోజుల దాకా తోడుండే మనిషి. డాక్టరు కాదు, నర్సు కాదు, పురుడు పోయదు.

ఇక నిన్న రాత్రి నుంచి వాట్సాప్ గ్రూపు అట్టుడుకుతోంది. "మనకెందుకు", "వాళ్ళకి మెడికెయిడ్ (పేదలకి సర్కారు ఇచ్చే ఆరోగ్య బీమా) ఉందిగా", "మనం కనలేదా, అప్పుడు మనకెవరిచ్చారు". ఒకాయనైతే "అదో లగ్జరీ, మసాజ్ లాంటిది" అనేశాడు. ఆదివారం మీటింగ్. గట్టిగా చెప్పడానికి పాయింట్లు కావాలి. నాదే తప్పయితే అదీ చెప్పండి.

సూర్యాపేట_శీను
ఫ్యాన్లే పంపండి అక్కా. మా ఊరి బడిలో ఉన్నవి రెండు, తిరిగేది ఒకటి.

బందరు_లడ్డూ
మసాజ్ అన్న పెద్దమనిషిని ఒక్కటడుగు పద్మా. వాళ్ళావిడ పురిటికి అత్తగారు ఆర్నెల్ల వీసా మీద వచ్చారా లేదా? సూట్‌కేసులో కాయం సీసా, వాము పొడి, పాత చీరల పక్క బట్టలు తెచ్చారా లేదా? అర్ధరాత్రి పిల్లాడు గుక్క పట్టి ఏడుస్తుంటే ఎవరెత్తుకున్నారు? ఆవిడ టికెట్టు ఖర్చులో ఒక డౌలా వస్తుంది.

ఎడిసన్_పద్మ
లడ్డూ, ఈ డైలాగ్ అలాగే వాడేసుకుంటున్నా.

ఫ్రిస్కో_ఫణి
సెంటిమెంట్ పక్కన పెడదాం. నాకు రెండు ప్రశ్నలు. ఒకటి, నల్లజాతి తల్లులకే ఎందుకు, పేదవాళ్ళందరికీ ఎందుకు కాదు? రెండు, డౌలా ఉంటే ప్రాణాలు నిలుస్తాయనడానికి రుజువేంటి? నేను వద్దనట్లేదు, లెక్క చూపించమంటున్నా.

అట్లాంటా_నైట్‌షిఫ్ట్
లేబర్ అండ్ డెలివరీ (పురుటి) వార్డులో 9 ఏళ్ళుగా నర్సుని. ఫణి గారి మొదటి ప్రశ్నకి నేను చెప్తా.

సిడిసి (అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ) 2023 లెక్క: ప్రతి లక్ష సజీవ జననాలకి చనిపోయిన తల్లులు నల్లజాతిలో 50.3, తెల్లజాతిలో 14.5, ఆసియన్లలో 10.7. 2021లో కోవిడ్ వల్ల అందరికీ పెరిగాయి, నల్లజాతి తల్లులకి దాదాపు 70కి చేరింది. తర్వాత అందరికీ తగ్గాయి. కానీ 2022 నుంచి 2023కి తెల్లజాతి వాళ్ళ రేటు 19 నుంచి 14.5కి దిగితే, నల్లజాతి వాళ్ళది 49.5 దగ్గర మొదలై అక్కడే ఆగిపోయింది.

పేదరికం వల్లే అంటారా? డిగ్రీ చదివిన నల్లజాతి తల్లి చనిపోయే రేటు, హైస్కూలు కూడా దాటని తెల్లజాతి తల్లి రేటు కంటే ఎక్కువని అదే సిడిసి 2019లో చెప్పింది. టెన్నిస్ స్టార్ సెరీనా విలియమ్స్‌కి 2017లో కాన్పయ్యాక ఊపిరి అందకపోతే, నాకు స్కాన్ చేయండి, హెపారిన్ (రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మందు) పెట్టండి అని ఆవిడే అడగాల్సి వచ్చింది. మందు మత్తులో మాట్లాడుతోందని నర్సు అనుకుందట. స్కాన్ తీస్తే ఊపిరితిత్తుల్లో రక్తపు గడ్డలు. ఆవిడకి లేనిదేంటి? డబ్బా, పేరా?

బందరు_లడ్డూ
ఆసియన్లు 10.7. అందుకే మన గ్రూపులో ఎవరికీ చీమ కుట్టినట్టయినా లేదు.

హైటెక్_హారిక
నేను డౌలాకి వ్యతిరేకిని, అనుభవంతోనే చెప్తున్నా. నా తొలి కాన్పుకి 2,200 డాలర్లిచ్చి పెట్టుకున్నా. ఎపిడ్యూరల్ (నొప్పి తెలియకుండా వెన్నులో ఇచ్చే మందు) అడిగితే "ఇంకో గంట ఓర్చుకో, నీ ఒంటిని నమ్ము" అంటూ కూర్చుంది. నా ఒంటిని నేను నమ్ముతా, నొప్పినే నమ్మలేకపోతున్నా తల్లీ అన్నా. మా ఆయన భయపడి ఇద్దరి మధ్యలో నిలబడ్డాడు. చివరికి ఎపిడ్యూరల్ తీసుకున్నా, హాయిగా కన్నా. అలాంటి వాళ్ళకా మనం చందాలు?

అట్లాంటా_నైట్‌షిఫ్ట్
అలాంటివాళ్ళు ఉన్నారు హారికా, మా వార్డులోనూ చూశాను. ఇంకో రకం వాళ్ళనీ చూశాను. ఇది చెప్పాలంటే నాకు సిగ్గే, అయినా చెప్తా.

ఇప్పుడు పనిచేసే చోటు కాదు, ఇంతకుముందు చేసిన హాస్పిటల్‌లో. కాన్పయిన రెండో రోజు, మధ్యాహ్నం డిశ్చార్జి. ఆవిడ స్కూల్ టీచర్, నల్లజాతి, తొలి చూలు. పొద్దున తలనొప్పిగా ఉందంది. "నిద్రలేదు కదమ్మా, తగ్గిపోతుంది" అని టైలెనాల్ ఇచ్చి వెళ్ళిపోయాను. ఆ రోజు నాకు ఐదుగురు తల్లులు, ఐదుగురు పసివాళ్ళు. గంట తర్వాత వెళ్తే మూలన కుర్చీలో ఉన్న డౌలా లేచి నిలబడింది. చేతిలో లంచ్ మెనూ కార్డు. దాని వెనక పెన్నుతో మూడు అంకెలు, పక్కన టైములు: 138/86, 146/92, 152/98. మేమే చూసి పైకి చదివిన బీపీలు! మా కంప్యూటర్లోనూ ఉన్నాయి. ఒకదాని కింద ఒకటి పెట్టి చూసినవాళ్ళు లేరంతే.

ఆ డౌలా నాతో ఒక్క మాట కూడా వాదించలేదు. తల్లి వైపు తిరిగి, "కళ్ళ ముందు మెరుపుల్లా వస్తున్నాయని నాకు చెప్పావుగా, అది ఈవిడకీ చెప్పు" అంది. ఆవిడ చెప్పింది. బీపీ చూశా, 168/112. పదిహేను నిమిషాలాగి మళ్ళీ చూస్తే 170/110. తర్వాత అంతా పరుగే. బీపీ మందు, ఫిట్స్ రాకుండా మెగ్నీషియం డ్రిప్. ఆ మధ్యాహ్నం ఇంటికి పంపేసి ఉంటే ఏమయ్యేదో నాకు తెలుసు. ఆ మెనూ కార్డు మీద ఆ రోజు టర్కీ శాండ్‌విచ్, టమాటా సూప్. ఇప్పటికీ గుర్తుంది.

ఎడిసన్_పద్మ
చదువుతుంటే ఒళ్ళు జలదరించింది అక్కా.

ఫ్రిస్కో_ఫణి
నర్సు గారికి దండం. నిజాయితీగా రాశారు. కానీ ఒక కథ డేటా అవదు కదండీ. పైగా ఇందులో తప్పు హాస్పిటల్‌ది. ఐదుగురు తల్లుల్ని ఒక నర్సుకి అప్పజెప్పినవాళ్ళని వదిలేసి, కాపలాకి ఇంకో మనిషిని మనం డబ్బిచ్చి పెట్టాలా?

లెక్కల_లలిత
రెండో ప్రశ్నకి జవాబు. (పబ్లిక్ హెల్త్ చదువుతున్నా, బాల్టిమోర్.) 2017 కాక్రేన్ సమీక్షలో (వైద్య పరిశోధనల్ని కలిపి తూచే సంస్థ అది) 17 దేశాల ట్రయల్స్, 15,000కి పైగా ఆడవాళ్ళు. నొప్పుల టైములో విడవకుండా తోడున్న చోట సిజేరియన్లు దాదాపు 25 శాతం తగ్గాయి, నొప్పుల సమయం తగ్గింది, కాన్పు గురించి చేదు జ్ఞాపకాలు తక్కువ. డౌలా వల్ల తల్లుల మరణాలు తగ్గాయని మాత్రం ఆ ట్రయల్స్ చూపించలేదు. లక్షకి పదుల్లో జరిగే దాన్ని కొలవాలంటే పదిహేను వేల మంది చాలరు. కాబట్టి పద్మ గారూ, "డౌలా ప్రాణాలు నిలుపుతుందని రుజువైంది" అని మీటింగ్‌లో అనకండి, ఫణి గారిలాంటి వాళ్ళు అక్కడే పట్టుకుంటారు.

ఇలా చెప్పండి: గర్భం వల్ల జరిగే మరణాల్లో 80 శాతానికి పైగా ఆపదగినవేనని సిడిసి అంటుంది. సగానికి పైగా కాన్పయిన వారం దాటాక, ఏడాది లోపు జరుగుతాయి. అంటే హాస్పిటల్ చేతిలోంచి వెళ్ళిపోయాక, ఇంట్లో. ఆ టైములో తలుపు తట్టేది ఎవరు?

ఫ్రిస్కో_ఫణి
ఇది ఒప్పుకుంటా. పురుటి గది కన్నా ఆ తర్వాతి రోజులకే డబ్బు పెట్టాలంటారు, అంతేగా?

లెక్కల_లలిత
నా ఓటు దానికే.

మంత్రసాని_మనవరాలు
మా అమ్మమ్మ కోనసీమలో మంత్రసాని. నలభై ఏళ్ళు చేసింది. ఆవిడ అనేది మీకూ తెలుసు: మంత్రసానితనానికి ఒప్పుకున్నాక పిల్ల వచ్చినా పట్టాలి, ఇంకేదొచ్చినా పట్టాలి. (అసలు మాట ఇక్కడ రాస్తే మోడరేటర్ కొడతాడు.)

అమెరికా దక్షిణాదిలోనూ అచ్చం ఇలాంటి ముసలమ్మలే ఉండేవారు, గ్రానీ మిడ్‌వైవ్స్ అనేవాళ్ళు. బానిసత్వం రోజుల నుంచి నల్లజాతి పిల్లల్నీ, చాలాచోట్ల తెల్లజాతి పిల్లల్నీ వాళ్ళే భూమ్మీదికి తెచ్చారు. 1921లో తల్లీబిడ్డల ఆరోగ్యానికి ఫెడరల్ డబ్బిచ్చే షెపర్డ్-టౌనర్ చట్టం వచ్చాక ఆ డబ్బుతో శిక్షణలు, లైసెన్సులు మొదలయ్యాయి. నర్సులొచ్చి వాళ్ళ సంచులు తెరిచి, కత్తెర శుభ్రంగా ఉందా, ఏప్రాన్ తెల్లగా ఉందా అని తనిఖీ చేసేవాళ్ళు. మురికివాళ్ళని, మూఢులని పేరు పెట్టారు. అలబామాలో 1976 చట్టంతో వాళ్ళకి పనే లేకుండా పోయింది. మా అమ్మమ్మ సంచి కూడా ఒకరోజు అటకెక్కింది, ఆవిడని ఎవరూ ఏమీ అడగలేదు. ఇప్పుడు అదే తోడుని డౌలా అని పేరు మార్చి, సర్టిఫికెట్ ఇచ్చి, గ్రాంటు రాసుకుంటున్నారు. నవ్వాలో ఏడవాలో.

బందరు_లడ్డూ
డౌలా గ్రీకు మాటట కదా, అర్థం దాసి అని ఎక్కడో చదివా.

మంత్రసాని_మనవరాలు
అవును, ఆడ బానిస. అందుకే నల్లజాతిలో ఈ పని చేసేవాళ్ళు కొందరు ఆ మాటే వాడరు, బర్త్ వర్కర్ అంటారు. 1840లలో అలబామాలో మారియన్ సిమ్స్ అనే డాక్టరు బానిస ఆడవాళ్ళ మీద మత్తు లేకుండా ఆపరేషన్లు చేసి నేర్చుకున్నాడు. ఆయన విగ్రహం న్యూయార్క్ సెంట్రల్ పార్క్ దగ్గర 2018 దాకా నిలబడే ఉంది. ఇవన్నీ తెలిసినావిడ హాస్పిటల్ గుమ్మంలో అడుగుపెడుతూ పక్కన తనవాళ్ళెవరైనా ఉండాలనుకుంటే అది లగ్జరీయా?

సూర్యాపేట_శీను
ఇవన్నీ సరే. మన పైసలు మనోళ్ళకి అంటే తప్పా? ఆ నల్లోళ్ళకి వాళ్ళ సర్కారు లేదా?

అట్లాంటా_నైట్‌షిఫ్ట్
శీనూ, ఆ మాట వద్దు. నా పక్కన పనిచేసే నర్సులు సగం మంది నల్లజాతి వాళ్ళే. నల్లజాతి వాళ్ళు పౌర హక్కుల కోసం కొట్లాడిన పదేళ్ళలోనే 1965 ఇమిగ్రేషన్ చట్టం వచ్చింది, మనం వచ్చిన తలుపు అదే.

సూర్యాపేట_శీను
సారీ అక్కా. అలవాటులో వచ్చింది. ప్రశ్న మాత్రం అదే, సర్కారు ఇయ్యదా?

క్లెయిమ్_డినైడ్
నా టాపిక్ వచ్చింది, తప్పుకోండి. న్యూజెర్సీలో మెడికల్ బిల్లింగ్ నా పని, ముగ్గురు డౌలాలకి కూడా చేస్తా.

సర్కారు ఇస్తుంది శీను గారూ, కాగితం మీద. న్యూజెర్సీ మెడికెయిడ్ 2021 జనవరి నుంచి డౌలాకి కడుతోంది. మామూలుగా 8 విజిట్లు, 19 ఏళ్ళు, అంతకన్నా తక్కువ వయసు తల్లయితే 12. ఇప్పుడు ఆ డబ్బు డౌలా చేతికి ఎలా వస్తుందో చూడండి. ముందు శిక్షణ సర్టిఫికెట్, వేలిముద్రలు, లయబిలిటీ ఇన్సూరెన్సు, ఎన్‌పీఐ (వైద్య సేవలిచ్చేవాళ్ళ గుర్తింపు) నంబరు. తర్వాత మెడికెయిడ్‌లో నమోదు. అయ్యాక మేనేజ్డ్ కేర్ (మెడికెయిడ్ తరఫున బీమా నడిపే) కంపెనీలు ఒక్కోదానితో వేరే ఒప్పందం. ఒక్కోదానికి ఒక్కో పోర్టల్, ఒక్కో పాస్‌వర్డ్. పాస్‌వర్డ్ 60 రోజులకోసారి చస్తుంది.

మొన్న ఒకావిడ గోడ క్యాలెండరే పీకి పట్టుకొచ్చింది, విజిట్లన్నీ దాని మీదే రాసుకుంది. ఒక క్లెయిమ్ తిరిగొచ్చింది. ఎందుకో తెలుసా? నొప్పులు 14న మొదలై బిడ్డ 15న పుట్టింది, ఈవిడ డేట్ ఆఫ్ సర్వీస్ 14 వేసింది. ఇరవై రెండు గంటలు పక్కన నిలబడిన మనిషికి నాలుగు నెలలు పైసా రాలేదు. ఆ నాలుగు నెలల్లో రెండు కాన్పులు వదులుకుని అమెజాన్ డెలివరీ చేసింది. డెలివరీ అంటే అది కూడా డెలివరీయే లెండి.

బందరు_లడ్డూ
చివరి జోకుకి ఏడుపొచ్చింది.

ఫ్రిస్కో_ఫణి
ఒక డౌలా నెలకి ఎన్ని కాన్పులు చూడగలదు?

క్లెయిమ్_డినైడ్
మూడు, మహా అయితే నాలుగు. ఎప్పుడు ఫోన్ మోగుతుందో తెలియదు, కాబట్టి ఇంకో ఉద్యోగం చేయలేదు. రేటు మీదే గొడవంతా. కాలిఫోర్నియా 2021లో కాన్పుకి 450 డాలర్లు అంటే డౌలాలు గోల చేశారు. 2023 జనవరిలో మొదలయ్యేసరికి 1,154 అయింది, తర్వాత 3,000 దాటింది. న్యూయార్క్ 2019లో 600కి ప్రయోగంగా మొదలుపెడితే బ్రూక్లిన్ వాళ్ళు ఆ డబ్బుకి రామన్నారు. 2024లో రాష్ట్రమంతా పెట్టినప్పుడు సిటీలో 1,500 చేశారు. గొడవపడిన చోట పెరిగింది.

లెక్కల_లలిత
ఇంకొకటి. మెడికెయిడ్‌లో డౌలా ఐచ్ఛికం, రాష్ట్రం ఇష్టం. 2025 జూలైలో మెడికెయిడ్ ఖర్చుకి కోత పెట్టే ఫెడరల్ చట్టం వచ్చింది. బడ్జెట్ బిగిస్తే ఏ రాష్ట్రమైనా ముందు ఐచ్ఛికాల మీదే చెయ్యి వేస్తుంది. దేశంలో పదింట నాలుగు కాన్పులకి డబ్బు కట్టేది మెడికెయిడే, నల్లజాతి తల్లుల్లో ఇంకా ఎక్కువ.

కరీంనగర్_సిస్టర్
ఇక్కడి నుంచి ఒక మాట. మా తెలంగాణలో 2017లో నర్సులకి మిడ్‌వైఫరీ శిక్షణ మొదలుపెట్టారు, ఏడాదిన్నర కోర్సు. పురుటి గదిలోకి తోడు మనిషిని రానివ్వాలని కేంద్రం 2016లోనే చెప్పింది. ఆమెకి కూడా కాన్పు అనుభవం ఉండాలన్నారు. మంచి మాటే. కానీ ఒకే గదిలో మూడు టేబుళ్ళుంటే ఏ అత్తమ్మని ఎక్కడ నిలబెట్టాలి? నిలబడ్డా కొందరు అత్తమ్మలు "మేం కనలేదా, అరవకు" అంటారు. తోడంటే మనిషి ఉంటే చాలదు. ఏం మాట్లాడాలో తెలిసిన మనిషి కావాలి. ఎన్‌ఎఫ్‌హెచ్‌ఎస్-5లో (2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే) మా తెలంగాణ సిజేరియన్లు 60.7 శాతం. మా దగ్గర కత్తి ఎక్కువై బాధ, అక్కడ మాట వినక బాధ.

బందరు_లడ్డూ
"మేం కనలేదా". పద్మ వాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఉన్నది ఆ అత్తమ్మలే.

హైటెక్_హారిక
సరే, నా మాట కొంచెం సవరించుకుంటున్నా. నాకు దొరికిన డౌలా నేను చెప్పింది వినలేదు. మెనూ కార్డు డౌలా విన్నది. ఇచ్చే ముందు ఆ నెవార్క్ బృందం ఎలాంటిదో కనుక్కోండి. ఎపిడ్యూరల్ తీసుకున్నవాళ్ళని చిన్నచూపు చూస్తారా అని నా పేరు చెప్పి అడగండి.

ఎడిసన్_పద్మ
అడిగాను! ఇందాకే ఫోన్‌లో మాట్లాడా. ఆవిడ పకపకా నవ్వి, "నా ఇద్దరు పిల్లలూ ఎపిడ్యూరల్‌తోనే పుట్టారు" అంది. డబ్బు దేనికి కావాలంటే శిక్షణకో, టీ-షర్టులకో అడుగుతుందనుకున్నా. "క్లెయిమ్ వచ్చేలోపు అద్దె కట్టుకోవడానికి" అంది. క్లెయిమ్_డినైడ్ గారు చెప్పిందే. ఆరుగురు డౌలాలు, అందరికీ రావాల్సిన బాకీలే.

క్లెయిమ్_డినైడ్
అయితే దానం చేయకండి, తిప్పండి. 4,000 పక్కన పెట్టి అడ్వాన్సుగా ఇవ్వండి. క్లెయిమ్ డబ్బు రాగానే తిరిగి కడతారు, అదే డబ్బు ఇంకొకరికి. మన చీటీ పాటలా, పాట లేకుండా. క్లెయిమ్ పూర్తిగా పోతే మాత్రం మాఫీ. వాళ్ళ క్లెయిముల్లో తేదీలు నేను శనివారాలు చూసిపెడతా, ఫీజు వద్దు, పులిహోర చాలు.

ఫ్రిస్కో_ఫణి
ఈ మోడల్‌కి నేనూ 250 వేస్తా. హాస్పిటళ్ళని వదిలేస్తున్నామన్న నా అభ్యంతరం మాత్రం అలాగే ఉంది.

అట్లాంటా_నైట్‌షిఫ్ట్
ఉండాలి కూడా ఫణి గారూ. నాకూ ఉంది, అక్కడే జీతం తీసుకుంటున్నా.

సూర్యాపేట_శీను
మరి ఫ్యాన్లు?

ఎడిసన్_పద్మ
ఆదివారం మీటింగ్ అయింది. మూడు గంటలు, రెండు సార్లు టీ. 11 మంది అవును, 7 మంది కాదు. 4,000 తిప్పే ఫండ్. 1,600 బాలింతల ఇళ్ళకి బీపీ మెషీన్లు, ఇంటికి వెళ్ళాక రోజూ చూసుకోవడానికి. మిగిలిన 800 శీను తమ్ముడి ఊరి బడికి, ఫ్యాన్లు రిపేరు చేయించి ఫోటో పెట్టాలి. మసాజ్ పెద్దమనిషి "కాదు" అనే వేశాడు. వాళ్ళావిడ "అవును" వేసింది.

బందరు_లడ్డూ
ఇంటికెళ్ళాక ఆయనకి భోజనం పెట్టిందా?

అట్లాంటా_నైట్‌షిఫ్ట్
పద్మా, బీపీ మెషీన్లు ఆర్డర్ పెట్టేశావా? పెట్టకపోతే ఆగు. డబ్బాలో మామూలు సైజు కఫ్ (చేతికి చుట్టే పట్టీ) ఒక్కటే వస్తుంది. చెయ్యి లావుగా ఉన్నవాళ్ళకి అది బిగుతై రీడింగ్ లేనిపోనిది ఎక్కువ చూపిస్తుంది, రెండుసార్లు హాస్పిటల్‌కి పరిగెత్తి మూడోసారి నమ్మడం మానేస్తారు. సగం పెద్ద కఫ్‌లు తీసుకో. ముందు టేపుతో పై చెయ్యి చుట్టుకొలత అడిగి తెలుసుకోమని డౌలాలకి చెప్పు.

ఎడిసన్_పద్మ
కార్ట్‌లోనే ఉన్నాయి, ఇంకా కొనలేదు. మారుస్తున్నా.